పెద్ద బంగళాలో ఒక్క రోజు అతిథి

బిసేసర్ కాళ్ళ నుంచి బూట్లు తీయించింది ఒక పాత ఫొటో. ఆ ఫొటోలో ఏముందో వేలు పెట్టి చూపించింది మాత్రం అపెనిసా.

పెద్ద బంగళా హోటల్‌గా తెరుచుకోవడానికి ఇంకా మూడు వారాలు ఉందనగా జరిగిందది. ఫిజీ దేశంలోని లౌతోకాలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ బంగళా ఒకప్పుడు చక్కెర మిల్లు మేనేజరుది. తర్వాత చాలా ఏళ్ళు గబ్బిలాలు కాపురం చేశాయి. ఇప్పుడు కొత్త యజమానులు సున్నం కొట్టి, చెక్కలు మార్చి, గేటు మీద ఏదో ఇంగ్లీషు పేరు చెక్కించారు. ఊళ్ళో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు. తిరిగినా అనరు. అందరికీ అది పెద్ద బంగళానే.

మేనేజరు హేడెన్ సిడ్నీ నుంచి వచ్చాడు. పాతకాలం వాసన పోకూడదని అతని తపన. గోడలకి తగిలించడానికి ఎక్కడెక్కడి నుంచో ఫొటోలు తెప్పించి, పనివాళ్ళందర్నీ చుట్టూ నిలబెట్టుకుని ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. ఒకదాంట్లో దొరసాని పేము కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె వెనకాల తెల్ల కోటు, ఎర్ర నడికట్టు కట్టుకున్న బేరర్ ట్రే పట్టుకుని నిలబడ్డాడు.

"ఈయనెవరో ఎవరికైనా తెలుసా?" అన్నాడు హేడెన్.

సామాను మోసే అపెనిసాకి నలుగురు చేరితే నవ్వించకుండా ఉండడం చేతకాదు. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఆ గుణం పోలేదు.

"నాకు తెలుసు సార్. మన బిసేసర్ చాచా వాళ్ళ నాన్న. ఆ ముక్కు చూడండి, అచ్చు అదే. కోటిచ్చారు, నడికట్టిచ్చారు, పాపం చెప్పులివ్వడమే మర్చిపోయారు!"

అందరూ పగలబడి నవ్వారు. హేడెన్ నవ్వలేదు. ఫొటోని మొహానికి దగ్గరగా తెచ్చుకుని ఆ కాళ్ళకేసి చాలాసేపు చూశాడు. సోమవారానికల్లా వంటింటి తలుపు మీద కాగితం అంటించారు. వరండాలో టీ అందించే ముగ్గురు బేరర్లూ పాత రోజుల్లోలాగే తెల్ల కోటు, ఎర్ర నడికట్టుతో ఉండాలి, కాళ్ళకి ఏమీ వేసుకోకూడదు.

ఆ ముగ్గురూ తాతల కాలంలో ఇండియా నుంచి వచ్చిన హిందుస్తానీ కుటుంబాల వాళ్ళే. సామాను మోసే ఫిజీ వాళ్ళకి నడుముకి లుంగీలా చుట్టుకునే సులూ, కాళ్ళకి తోలు చెప్పులు ఇచ్చారు. పాత ఫొటోల్లో వాళ్ళు ఎక్కడా పడలేదు, అందుకని వాళ్ళ కాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఫొటోలు చూపించిన రోజు బిసేసర్ అక్కడ లేడు. కోటు కొలతలివ్వడానికి దర్జీ కొట్టుకి వెళ్ళాడు. ఆ మాట ఎవరు అందించారో అతనికి తెలియదు. నవ్వినవాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. అపెనిసా అసలే చెప్పలేదు.

బిసేసర్‌కి అరవై దగ్గర పడుతోంది. సన్నగా, నిటారుగా ఉంటాడు. మొన్నమొన్నటి దాకా చెరుకు రైతు. లీజు గడువు తీరాక భూమి సొంతదారులైన ఫిజీ వాళ్ళు మళ్ళీ ఇవ్వలేదు. ఇంటి చెక్కలు ఊడదీసి లారీలో వేసుకుని తావకుంబు రోడ్డు పక్కన, అలాంటివాళ్ళే చేరిన రేకుల ఇళ్ళ మధ్య మళ్ళీ బిగించుకున్నాడు. ఉద్యోగం అడగడానికి పెద్ద బంగళాకి వచ్చిన రోజు కూడా గోధుమరంగు బూట్లు అద్దంలా మెరిపించుకుని వచ్చాడు. అతని తండ్రి ఆ బంగళాలో ఇరవై రెండేళ్ళు ఉత్తకాళ్ళతో తిరిగాడు. సాయంత్రం ఇంటికొచ్చి పగిలిన మడమల్లో కొవ్వొత్తి మైనం కరిగించి పోసుకునేవాడు. అది చూస్తూ పెరిగిన బిసేసర్, మొదటిసారి చెరుకు డబ్బు చేతికందగానే బూట్లు కొనుక్కున్నాడు. అప్పటినుంచి అతన్ని బూట్లు లేకుండా రోడ్డు మీద చూసినవాళ్ళు లేరు. చెరుకు కోతకి కూడా బూట్లతో వెళ్ళేవాడని, వెనకాల అందరూ 'కలెక్టర్ గారు' అనేవాళ్ళని భార్య రాజ్‌మతి చెబుతుంది.

కాగితం చదివి బిసేసర్ తిన్నగా హేడెన్ గదికి వెళ్ళాడు. పది నిమిషాల్లో బయటికొచ్చి, వెనక మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

"ఏమన్నాడు చాచా?" అపెనిసా పక్కన చతికిలబడ్డాడు.

"మా నాన్న పేరు ఫొటో కింద రాయిస్తాడట. నేనిలా నిలబడితే ఆయనకి గౌరవమట." బిసేసర్ మేజోళ్ళు తీసి ఉండలు చుట్టి బూట్లలో కుక్కాడు. "బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఇక్కడ 'బాయ్' అనే పిలిచారు తవాలే. అరవై ఏళ్ళొచ్చినా బాయే. చచ్చిన ముప్పై ఏళ్ళకి పేరొచ్చింది."

తవాలే అంటే బావ. వయసులో పాతికేళ్ళ తేడా ఉన్నా, ఒకరిది చెరుకు మళ్ళ మధ్య పుట్టిన హిందుస్తానీ రక్తం, ఒకరిది ఆ తీరంలోనే పుట్టిన ఫిజీ రక్తం అయినా బిసేసర్ అతన్ని అలాగే పిలిచేవాడు. బావామరుదులైతే ఎంత తిట్టుకున్నా తప్పు లేదు కదా. మధ్యాహ్నం అన్నాల దగ్గర అపెనిసా చెయ్యి బిసేసర్ టిఫిన్ డబ్బాలోకి వెళ్ళేది.

"మీవాళ్ళు నా నేల తీసుకున్నారు, నువ్వు నా రొట్టె తీసుకుంటున్నావు. ఇంకేం మిగిల్చార్రా నాకు?"

"చాచీ చేతి వంకాయ కూర నీకెందుకు చాచా, ఉప్పు తగలకూడదు, నూనె తగలకూడదు అంటావుగా. నేను తిని నీ ప్రాణం కాపాడుతున్నాను."

ఉప్పూ నూనే కాదు, అతనికి అసలు తగలకూడనిది ఇంకొకటుందని అపెనిసాకి తెలిసేసరికి హోటల్ తెరిచి నెల దాటింది.

ఆ ఉదయం వరండాలో టీ వేళ. ఎవరో గాజు గ్లాసు పగలగొట్టారు. ఊడ్చారు గానీ ఒక ముక్క మిగిలిపోయింది. బిసేసర్ ట్రే పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. తెల్ల రంగేసిన చెక్కల మీద అడుగుకొక ఎర్రటి మచ్చ పడుతూ వచ్చింది. అతని మొహంలో చిన్న మార్పు కూడా లేదు. టీ పోస్తున్నాడు, "ఇంకొంచెం పాలు పోయమంటారా మేడమ్" అంటున్నాడు. ఒక ముసలి అతిథి ఆ మచ్చల్ని చూసి, పూలరేకులు చల్లారనుకుని ముచ్చటపడి ఫొటో తీసుకుంది.

అపెనిసా అతన్ని భుజం పట్టుకుని దుప్పట్లు పెట్టే గదిలోకి లాక్కెళ్ళాడు. కూర్చోబెట్టి కాలెత్తి చూస్తే అరికాల్లో వేలి గోరంత గాజు ముక్క.

"నొప్పెయ్యలేదా?"

"దేనికి?" బిసేసర్ వంగి, తన కాలిని వేరేవాళ్ళ సామానులా చూశాడు. "మోకాళ్ళ కింద నావి కావు తవాలే. పన్నెండేళ్ళయింది చక్కెర జబ్బొచ్చి. ఈ ఊళ్ళో దాన్ని ఎవడు తప్పించుకున్నాడు?"

ఆసుపత్రి నర్సు పదే పదే చెప్పిందట. కాళ్ళకి స్పర్శ పోయింది, ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవద్దు, పుండు పడితే వేలు పోతుంది, వేలు పోతే కాలు పోతుంది అని. తావకుంబు రోడ్డు పక్కన ప్రతి నాలుగో ఇంట్లో ఒక కుంటికాలు ఉంది, కొత్తగా చెప్పేదేముంది. ఉద్యోగం కాగితంలో మాత్రం జబ్బులేవీ లేవని రాశాడు. రాజ్‌మతికి రెండు కళ్ళలోనూ పొర. ఇంట్లో సంపాదించే చెయ్యి ఇంకోటి లేదు.

"హేడెన్‌కి చెబుదాం చాచా. జబ్బని తెలిస్తే బూట్లిస్తాడు."

"బూట్లివ్వడు, ఇంటికి పంపిస్తాడు. బూట్లు వేసుకున్న ముసలివాణ్ణి ఎవరు ఫొటో తీసుకుంటారు?" బిసేసర్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగా ఉంది. "చెప్పకు పెనీ. మీ అమ్మ మీద ఒట్టు."

అపెనిసా చెప్పలేదు. ఎవరి మాట వల్ల ఆ కాళ్ళు నేల మీద పడ్డాయో అదీ చెప్పలేదు. దానికి బదులు ఒక పని పెట్టుకున్నాడు. రోజూ పని మొదలయ్యే ముందు దుప్పట్ల గదిలో బిసేసర్‌ని బల్ల మీద కూర్చోబెట్టి అరికాళ్ళు చూసేవాడు. వేళ్ళ సందులు విడదీసి చూసేవాడు, గీత పడితే మందు రాసేవాడు. పని అయ్యాక మళ్ళీ చూసేవాడు.

"గుర్రానికి లాడం చూస్తున్నావా?" అనేవాడు బిసేసర్.

"గుర్రమైతే తన్నేది. నువ్వు గాడిదవి."

"అయితే నా కాళ్ళు పట్టుకున్నవాడివి నువ్వేమవుతావు?"

అలా పదకొండు నెలలు గడిచాయి. ఆ పదకొండు నెలల్లో బిసేసర్ కాళ్ళ మీద ఒక్క పుండు నిలవలేదు. ఈ మాట అపెనిసా తర్వాత తనకి తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. చెప్పుకున్న ప్రతిసారీ ఆ చివరి రోజు అడ్డొచ్చేది.

హోటల్‌కి ఏడాది నిండింది. అతిథులు రాసిపోయే పుస్తకంలో సముద్రం కంటే, సూర్యాస్తమయం కంటే ఎక్కువసార్లు వచ్చింది ఉత్తకాళ్ళ ముసలాయన సంగతే. హేడెన్‌కి సంతోషం పట్టలేదు. పనివాళ్ళందర్నీ పిలిచి ప్రకటించాడు. బిసేసర్, అతని భార్య ఒక రోజంతా ఇక్కడ అతిథులుగా ఉంటారు. మేనేజరు దొర పడుకున్న మేడగదిలోనే, అన్నీ హోటల్ తరఫునే.

చప్పట్లు కొట్టారు. బిసేసర్ లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అతిథులు బూట్లు వేసుకోవచ్చా సార్?"

హేడెన్ హాయిగా నవ్వాడు. "అదేం ప్రశ్న బిసేసర్? ఆ రోజు నువ్వు అతిథివి. నీ ఇష్టం వచ్చినట్టు ఉండు."

రాజ్‌మతికి వెళ్ళడం ఇష్టం లేదు. కళ్ళు సరిగ్గా కనబడవు, మెట్ల మీద పడితే నవ్వులపాలు. కానీ మొగుడు వారం రోజుల నుంచి బూట్లు తోముతున్నాడు. ఇక ఆమె కాదనలేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి టాక్సీ వచ్చి మెట్ల ముందు ఆగింది. బస్సు గేటు దాకా వస్తుంది, అయినా బిసేసర్ టాక్సీలోనే వచ్చాడు. అపెనిసా తలుపు తీసి నడుం వంచాడు.

"బులా సార్. బులా మేడమ్. సామాను?"

సామాను ఒక గుడ్డ సంచీ. హోటల్ తిండి ఒంటికి పడకపోతే పనికొస్తాయని రాజ్‌మతి ఆరు రొట్టెలు, చింతపండు పచ్చడి తెచ్చింది.

"జాగ్రత్త కుర్రాడా, అందులో మా ఆవిడ నగలున్నాయి," అన్నాడు బిసేసర్ గొంతు బరువుగా పెట్టి. అపెనిసా సంచీని రెండు చేతులా ఎత్తుకుని, మోయలేక మోస్తున్నట్టు మూలుగుతూ మేడ ఎక్కాడు. వెనకాల టకటకా బూట్ల చప్పుడు. ఏడాదిగా ఆ మనిషి ఆ చెక్కల మీద పిల్లిలా నడిచాడు. ఈ రోజు ఒక్కో అడుగూ కావాలని గట్టిగా వేస్తున్నాడు.

గదిలో రాజ్‌మతి మంచం అంచున, దుప్పటి నలగకుండా కూర్చుంది. అపెనిసా స్నానాల గది తలుపు తెరిచాడు. లోపల సింహం పాదాలున్న ఇనప తొట్టె, పాతకాలం నమూనాలో పోతపోసిన ఇత్తడి కుళాయిలు.

"చాచా, దొరగారు ఇందులోనే మునిగేవారట. నువ్వు మునక్కపోయినా కాళ్ళన్నా పెట్టు. మెత్తబడితే బూట్లు హాయిగా దిగుతాయి."

"ఇందులో వేడి నీళ్ళొస్తాయా?" ఇంట్లో చల్లటి బకెట్టే తెలిసిన మనిషి కుతూహలంగా వంగాడు.

"ఎందుకు రావు!" అపెనిసా వేడినీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పాడు. ఆవిరి లేచింది. చల్లనీళ్ళ కుళాయి మీద చెయ్యి వేశాడు. అంతలో నడుముకున్న రేడియో మోగింది. విమానాశ్రయం నుంచి బస్సు వచ్చింది, ఇరవై మంది అతిథులు, సామాను దించాలి. చెయ్యి వెనక్కి తీసుకుని పరుగెత్తాడు. చల్లనీళ్ళు కలుపుకో అని చెబుదామనుకున్నాడు. మనసులో అనుకున్నాడు కాబట్టి చెప్పినట్టే అనిపించింది. మెట్లు సగం దిగాక కూడా చెప్పాననే అనుకున్నాడు.

ఆ తర్వాత గదిలో ఏం జరిగిందో రాజ్‌మతి ద్వారా తెలిసింది. ఆమె వసారాలో కూర్చుని సముద్రం చప్పుడు వింటోంది. బిసేసర్ నీళ్ళు నిండాక కుళాయి కట్టేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తొట్టె అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. ఎదురుగా కిటికీలోంచి మిల్లు చిమ్నీ, దాని అవతల దీవులు కనిపిస్తున్నాయి. నాన్న రోజూ బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి నింపిన తొట్టె ఇదేనేమో అని ఆమెతో గట్టిగా అన్నాడట. అరగంట దాకా లేవలేదట. చల్లనివో వేడివో కాళ్ళకి తెలియదు. చెయ్యి ముంచి చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. ఖరీదైన చోట అన్నీ ఎవరో ముందే సరిచూసి ఉంచుతారన్న నమ్మకం. అతిథులకి అన్నీ సరిచూసి అందించేవాడి నమ్మకమది, మరొకరికి రాదు.

తువ్వాలుతో తుడుచుకుంటుంటే చర్మం పొరలా జారింది. రాజ్‌మతి లోపలికొచ్చి, చూపు ఆనక చేత్తో తడిమింది. చేతికి బొబ్బలు తగిలి కెవ్వుమంది.

"కిందకి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రికి పోదాం."

"పొద్దున్నే పోదాం."

"మీకు పిచ్చా? కాళ్ళు ఉడికిపోయాయి!"

"నొప్పి లేదుగా రాజ్‌మతీ. ఈ ఒక్క పూటా. కింద ఈ బూట్లతో కూర్చుని భోంచేస్తాను, అంతే." బొబ్బల మీద నుంచే మేజోళ్ళు లాక్కున్నాడు. పాదాలు ఉబ్బి బూట్లలో పట్టకపోతే నేలకేసి తన్ని దించాడు.

ఇంకా వెలుగు ఉండగానే వాళ్ళు మెట్లు దిగడం అపెనిసా చూశాడు. ఒక చేత్తో రాజ్‌మతి మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కోటు సర్దుకుంటూ వచ్చాడు బిసేసర్. తండ్రి ఫొటో ముందు ఆగాడు. వరండాలో సముద్రం వైపున్న బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉత్తకాళ్ళతో మెహబూబ్ వచ్చి చేపల పులుసు పెట్టాడు. రోజూ ఇద్దరూ ఒకే పనిలో, ఒకే జీతంలో ఉన్నవాళ్ళు.

"చల్లారిపోయింది, వెనక్కి తీసుకెళ్ళు," అన్నాడు బిసేసర్ కళ్ళు చిట్లించి.

మెహబూబ్ మొహం వాడిపోయింది. బిసేసర్ కన్ను గీటాడు. ఇద్దరూ వచ్చే నవ్వు ఆపుకోవడానికి తలలు దించుకున్నారు.

భోజనం అయ్యాక లేచి వరండా ఈ చివర నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచాడు. ఎవరికీ టీ అందించక్కర్లేదు, ఎవరి వెనకా నిలబడక్కర్లేదు. అతని ఎడమ బూటు ఆనిన చోటల్లా చెక్క మీద తడి మచ్చ మిగలడం అపెనిసా గమనించాడు. అది రక్తం కాదు, నీళ్ళలా ఉంది. కాళ్ళు సరిగ్గా తుడుచుకోలేదు కాబోలు అనుకున్నాడు. పదకొండు నెలల్లో పని ముగిసే వేళ ఆ అరికాళ్ళు చూడకుండా ఇంటికెళ్ళింది ఆ ఒక్క రోజే. ఈ రోజు చాచా అతిథి, అతిథి కాళ్ళు ఎత్తి చూస్తే బాగుండదు అనుకున్నాడు.

తెల్లారి మేజోళ్ళు కత్తెరతో కోయాల్సి వచ్చింది. వాటితో పాటు వచ్చినదాన్ని చూసి, దుప్పట్లు మార్చడానికి వచ్చినామె గోడ పట్టుకుని నిలబడిపోయింది.

ఆసుపత్రిలో ముందు కుడి కాలి వేళ్ళు తీశారు. పదిహేను రోజులకి ఎడమ కాలు మోకాలి కింద దాకా తీశారు. ఎలా జరిగిందని అడిగినవాళ్ళందరికీ బిసేసర్ ఒకటే చెప్పాడు, "నేనే తిప్పుకున్నాను కుళాయి." హోటల్ నుంచి ఇద్దరు వచ్చి అదే రాసుకుపోయారు. జబ్బు దాచిపెట్టి ఉద్యోగంలో చేరాడని కూడా రాసుకున్నారు. అప్పుడు అపెనిసా మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. బిసేసర్ అతని వైపు చూడలేదు. నిజం చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సొంతూరు విటోంగోలో అపెనిసాకి ముగ్గురు పిల్లలు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాడు. బిసేసర్ ఇంటికి చేరాక మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఆదివారం వచ్చినప్పుడల్లా వల సరిచేయాలి, చర్చికి పోవాలి, పిల్లాడికి జ్వరం. సాకులు వెతుక్కునే పని లేకుండా అవే వచ్చి కూర్చునేవి.

నెల తిరక్కుండా హోటల్లో బేరర్లకి చెప్పులిచ్చారు. ఎవరూ కారణం చెప్పలేదు. వంటింటి తలుపు మీద పాత కాగితం చింపి కొత్తది అంటించారు, అంతే. ఒక కాగితం ముక్కతో అయిపోయే పని. చెప్పులొచ్చినా అతిథుల్లో ఒక్కరూ ఏమీ అనలేదు. అసలు గమనించినట్టే లేదు.

హేడెన్‌కి ఎవరు నూరిపోశారో, ఈ దేశంలో తప్పు పాతిపెట్టే పద్ధతి ఒకటుందని తెలుసుకున్నాడు. తప్పు చేసినవాళ్ళ తరఫు మనిషి తిమింగలం పల్లు తీసుకుని, నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా వేర్ల కట్టతో నష్టపోయినవాడి ఇంటికెళ్ళి తల వంచుతాడు. ఆ పల్లుని అవతలివాడు చేత్తో ముట్టుకుంటే తప్పు భూమిలోకి పోయినట్టే. మళ్ళీ దాన్ని ఎవరూ తవ్వకూడదు, కోర్టులో గానీ బజారులో గానీ. హేడెన్‌కి ఈ పద్ధతి బాగా నచ్చింది. కొనుక్కొచ్చిన పల్లు అపెనిసా చేతికిచ్చి, "నువ్వైతేనే బాగుంటుంది, మీరిద్దరూ స్నేహితులు కదా," అన్నాడు. అపెనిసా కాదనలేదు. బిసేసర్ ఇంటి మెట్లు ఎక్కడానికి ఒక కారణం దొరికిందని లోపల ఎక్కడో ఊరట కూడా కలిగింది. ఆ ఊరటకి సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాడు. క్రషింగ్ సీజన్ కాబట్టి మిల్లు మసి గాల్లో తేలుతూ ఆరేసిన బట్టల మీద పడుతోంది. రేకుల ఇంటి గుమ్మం పక్కన పరుపు మీద బిసేసర్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. ఎడమ వైపు దుప్పటి మోకాలి దగ్గర నుంచి చదునుగా ఉంది.

"ఎవరూ?" అంది రాజ్‌మతి లోపల్నుంచి.

"మీ తమ్ముడు వచ్చాడు. రెండు నెలలకి దారి దొరికింది. అదీ హోటల్ వాళ్ళు చూపిస్తే," అన్నాడు బిసేసర్.

అపెనిసా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పల్లుని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టాలి, పెద్దల మాటలు చెప్పాలి. చిన్నప్పటి నుంచి విన్న మాటలే, నోట్లో ఉన్నాయి. హోటల్ తరఫున అని మొదలుపెట్టాడు. రెండు వాక్యాలయ్యాక ఆగిపోయాడు.

"చాచా, ఆ ఫొటో... మీ నాన్న ఫొటో. చెప్పుల్లేవు చూడండి అని హేడెన్‌కి చూపించింది నేనే. నవ్వించడానికి అన్నాను. ఆ తర్వాతే కాగితం అంటించారు."

లోపల రాజ్‌మతి గిన్నె కడగడం ఆపేసింది.

"కుళాయి కూడా నేనే తిప్పాను. అది నీకు తెలుసు. ఇది తెలియదు."

బిసేసర్ దుప్పటి మీద పడిన మసి నలుసుల్ని ఒక్కొక్కటిగా వేలితో అద్దుతూ ఉండిపోయాడు. అపెనిసా తల ఎత్తలేదు. హోటల్ మాటలన్నీ మర్చిపోయి, "నన్ను క్షమించు," అన్నాడు. "ఈ పల్లు హోటల్‌ది. కానీ నేను అడుగుతున్నది నా కోసం."

ఆ తర్వాతి గురువారం తెల్లవారుజామున నిద్రలోనే బిసేసర్ గుండె ఆగిపోయింది. వాళ్ళిద్దరూ కలుసుకోవడం ఆ ఆదివారంతోనే సరి. అప్పుడా సంగతి ఇద్దరికీ తెలియదు. బిసేసర్ ముందుకి వంగి, తిమింగలం పల్లుని రెండు వేళ్ళతో తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది హోటల్ వాళ్ళకి. వెళ్ళి చెప్పు, ముట్టుకున్నాడని. వాళ్ళతో నా పని అయిపోయింది. నీది మాత్రం ఇప్పుడు తీసుకోను తవాలే. తీసుకుంటే నీ బరువు దిగిపోతుంది, మళ్ళీ ఈ మెట్లెక్కవు. వచ్చే ఆదివారం రా. పల్లూ గిల్లూ వద్దు, ఊరికే రా. యంగోనా నేను కలుపుతాను. తాగు. అప్పుడడుగు." ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ అన్నాడు, "అప్పుడూ తీసుకోను."